తుడిచేసిన మూడు వందల అక్షరాలు

ఉదయగిరిలో ఆత్మకూరు బస్సెక్కగానే సుకుమారి కిటికీ పక్కన సీటు చూసుకొని సంచిలోంచి వీడియో గేమ్ తీసేది. అరచేతిలో పట్టేంత పెట్టె. పుస్తకంలా తెరిస్తే పైనొక స్క్రీన్, కిందొక స్క్రీన్. పైన ఒక జపాను అక్షరం కనిపిస్తుంది. కింది స్క్రీన్ మీద సన్నటి ప్లాస్టిక్ పుల్లతో దాన్ని రాయాలి. ఏ గీత ముందు, ఏ గీత తర్వాత అన్న వరస తప్పితే ఒక కప్ప బొమ్మ వచ్చి తల అడ్డంగా ఊపుతుంది. సరిగ్గా రాస్తే ఎర్ర ముద్ర పడుతుంది. జపానులో బడిపిల్లల కోసం చేసిన ఆట అది.

"పెద్దపిల్లవి, ఇంకా ఆటలేందమ్మా?" అని పక్క సీట్లో వాళ్ళు అడిగితే నవ్వి ఊరుకునేది.

సుకుమారికి ఇరవై ఆరేళ్ళు. నర్సింగు చదివి నెల్లూరులో ఒక ఆసుపత్రిలో మూడేళ్ళు పనిచేసింది. జపానులో ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగాలకు మన నర్సులను తీసుకుంటున్నారని, అయితే ముందు ఆ భాషలో పరీక్ష పాసవ్వాలని విని ఆ ఉద్యోగం మానేసింది. ఆమెతో చదువుకున్న శ్వేత అప్పటికే అక్కడ పనిలో చేరింది. సెలవుకు ఊరొస్తున్న తోటి నర్సు చేత ఈ గేమ్ పంపించింది ఆమే. "వాళ్ళ ఛార్జరు మన కరెంటుకు కాలిపోతాది. ఫోను ఛార్జరుకు తగిలే వైరు పెట్టినాను. రోజూ రాయి, మానబాక" అని మెసేజ్ పెట్టింది.

ఆత్మకూరు బస్టాండు దగ్గర మేడ మీద చంద్రమోహన్ అనే ఆయన జపాను భాష నేర్పే సెంటరు నడిపేవాడు. తాను రెండేళ్ళు అక్కడ ఉండి వచ్చానని చెప్పేవాడు. జిరాక్సు కాగితాలు పంచి, జపాను మాటలు తెలుగు అక్షరాల్లో రాయించి బట్టీ పట్టించేవాడు. కంజి అని ఒక్కో అర్థానికి ఒక్కో బొమ్మలాంటి అక్షరం ఉంటుంది కదా, వాటి జోలికి మాత్రం ఎక్కువ పోయేవాడు కాదు. "ఇంటర్వ్యూలో మాట్లాడితే చాలు" అనేవాడు. అందుకే సుకుమారి వాటిని బస్సులో తనే నేర్చుకుంది. ఆరు నెలల్లో మూడు వందల పది ఎర్ర ముద్రలు పడ్డాయి.

సెప్టెంబరులో ఒకరోజు చంద్రమోహన్ బోర్డు మీద రెండు కంజిలు రాశాడు. ఒకదాని కింద కుడి అని, రెండోదాని కింద ఎడమ అని రాసి అందరినీ ఎక్కించుకోమన్నాడు. సుకుమారి చూసింది. రెండూ తారుమారయ్యాయి.

చెయ్యెత్తింది. "సార్, అది తిరగబడింది. కింద నోరున్న అక్షరం కుడి. నోట్లోకి అన్నం పెట్టే చెయ్యి కదా, అట్టా గుర్తు పెట్టుకోవచ్చు."

క్లాసులో ఇద్దరు కిసుక్కుమన్నారు. చంద్రమోహన్ వెనక్కి తిరిగాడు. "ఎవరు చెప్పినారు నీకు?"

"ఇందులో ఉండాది సార్." సుకుమారి గేమ్ తెరిచి చూపించింది.

ఆయన దాన్ని చేతిలోంచి లాక్కున్నాడు. "క్లాసులో గేములాడతా, నాకు పాఠం చెప్తావా? ఇరవై ఏళ్ళ సర్వీసు నాది!"

"సార్, పక్షవాతం వచ్చినోళ్ళని చూసుకునే పని మాది. ఏ చెయ్యి పడిపోయిందో చార్టులో తప్పు చదివితే ఎట్టా?"

"కూర్చో!"

బోర్డు మీది అక్షరాలను అట్లాగే ఉంచాడు. పక్కన కూర్చున్న గోపిక, వరికుంటపాడు పిల్ల, తల వంచుకొని ఆ తప్పునే నోట్సులో ఎక్కించుకుంది. అది చూసి సుకుమారికి ఒళ్ళు మండిపోయింది. ఆయనకు తెలియకపోవడం వేరు. తెలిశాక కూడా పదహారు మంది చేత తప్పు రాయించడం వేరు.

మరునాడు చంద్రమోహన్ ఆమె తండ్రికి ఫోన్ చేసి పిలిపించాడు. పిచ్చయ్య ట్రాక్టరు డ్రైవరు. ఆదివారం ప్రార్థనకు చర్చి గుడికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కొని వచ్చాడు. ఆయన్ని కూర్చోమనలేదు. అందరూ వింటుండగానే చంద్రమోహన్ మొదలుపెట్టాడు.

"మీ పాప చదువుకోవడానికి రాలా. వీడియో గేములు ఆడుకోవడానికి వస్తుండాది. పైగా ఎదురు సమాధానాలు. ఇట్టాంటోళ్ళని జపానుకు పంపితే నా పేరు పోతాది."

పిచ్చయ్య చేతులు కట్టుకున్నాడు. "చిన్నపిల్ల సార్. తెలీక చేసింది. ఈసారికి మన్నించండి."

"నాయనా, నువ్వు చేతులు దించు," అంది సుకుమారి.

"నువ్వు ఉండు," అన్నాడు పిచ్చయ్య.

ఇంకా మాట్లాడితే ఏమనేస్తుందో ఆమెకే భయమేసింది. గేమ్ మాత్రం చంద్రమోహన్ ఇవ్వలేదు. కోర్సు అయ్యాక ఇస్తానని బల్ల సొరుగులో పడేశాడు.

తిరుగు బస్సులో తండ్రీకూతుళ్ళు పక్కపక్కన ఇరుక్కొని కూర్చున్నారు. అనుమసముద్రంపేట దర్గాకు పోయే జనంతో బస్సు కిక్కిరిసి ఉంది. పిచ్చయ్యే అడిగాడు.

"అసలు ఏం జరిగింది?"

సుకుమారి టికెట్టు వెనక పెన్నుతో రెండు అక్షరాలూ రాసి చూపించింది. ఏది కుడి, ఏది ఎడమ, ఆయన ఏం రాశాడు, తనేమంది, అంతా చెప్పింది. పిచ్చయ్య ఐదో తరగతితో చదువు ఆపేసినవాడు. ఆ కాగితాన్ని ఎంతోసేపు చూశాడు. నోరు, అన్నం, చెయ్యి అని ఒకసారి తనలో తాను అనుకున్నాడు.

"అంటే... కుడెడమలు తెలీనోడి ముందర నేను చేతులు కట్టుకోని నిలబడినానా?"

మర్నాడు పొద్దున్నే ఆయన ట్రాక్టరు పనికి పోలేదు. సెంటరు మెట్ల మీద అడ్డంగా కూర్చున్నాడు. "నా బిడ్డ వస్తువు ఇస్తేనే లేస్తా" అన్నాడు. పది గంటలకు చంద్రమోహన్ దాన్ని తెచ్చి ఆయన ఒళ్ళో విసిరేసినట్టు పెట్టాడు.

ఇంటికొచ్చాక సుకుమారి తెరిచింది. కింది స్క్రీన్ మీద గోరుతో గీకినట్టు అడ్డంగా గీత. ఆట మొదలైంది గానీ ఎర్ర ముద్రలు ఒక్కటీ లేవు. ఎవరో అందులో ఆమె పేరు మీదున్న లెక్కంతా తుడిచేసి కొత్తగా ఆడి చూశారు. మూడు వందల పది అక్షరాల చోట సున్నా ఉంది.

"తెలీక నొక్కుంటారు లేమ్మా," అంది తల్లి రాహేలమ్మ.

"తెలీకపోతే ముట్టుకోకూడదు!" అని అరిచింది సుకుమారి. తల్లి మీద అరిచినందుకు ఇంకా కోపం వచ్చింది.

ఆమె మళ్ళీ ఆ సెంటరు మెట్లెక్కలేదు. ఆత్మకూరులోనే ఒక చిన్న నర్సింగు హోములో పగటి డ్యూటీకి చేరింది. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు బస్సులో మొదటి అక్షరం నుంచి మళ్ళీ రాసింది. ఒకటి అంటే ఒక్క అడ్డగీత. ఆ గీత కూడా పళ్ళు బిగించే గీసింది. గీకుడు పడిన చోట పుల్ల తట్టుకొని ఆగిపోయేది, కప్ప తల ఊపేది. "నాది తప్పు కాదు" అని ఆమె పైకే అనేది. ముందు సీటు వాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. మందు అనే కంజిలో పైన గడ్డి, కింద హాయి ఉంటాయి. అది రాయడానికి పదహారు గీతలు. ఆ ఒక్కదాన్ని నలభైసార్లు రాసింది.

డిసెంబరులో చెన్నై వెళ్ళి పరీక్ష రాసింది. జనవరి ఆఖర్లో ఫలితం వచ్చింది. పాసైంది. కంజి ఉన్న భాగంలోనే అన్నిటికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆదివారం ప్రార్థనలో పిచ్చయ్య లేచి నిలబడి ఆ సంగతి అందరికీ చెప్పాడు. ఒక వారం సంతోషంగా గడిచింది.

తర్వాతి సోమవారం డ్యూటీకి పోతూ ఆత్మకూరు బస్టాండులో దిగి తలెత్తి చూస్తే, సెంటరు గోడకు పెద్ద ఫ్లెక్సీ. అందులో తన ఫోటో. చేరేటప్పుడు ఫారానికి అంటించినదే. పక్కన నమస్కారం పెడుతున్న చంద్రమోహన్. "మా సంస్థ ఆణిముత్యం సుకుమారి. చంద్రమోహన్ సార్ ప్రత్యేక శిక్షణతో జపాన్ పరీక్షలో ఘనవిజయం." అడుగున జపాను అక్షరాల వరస ఒకటి తలకిందులుగా అచ్చయింది.

సుకుమారి మేడెక్కింది. క్లాసు నడుస్తోంది. కొత్తపిల్లలు, పాతవాళ్ళు కలిపి ఇరవై మంది దాకా ఉన్నారు.

"ఆ ఫ్లెక్సీ దించండి సార్."

"రామ్మా, రా. పిల్లలూ, ఈమే మన..."

"నేను మీ దగ్గర నేర్చుకోలా. మీరు నేర్పింది మర్చిపోయి పాసైనాను. దించండి."

చంద్రమోహన్ ముఖం మారింది. "ఆరు నెలలు ఇక్కడ కూర్చున్నావు. ఫోటో వాడుకోవచ్చని సంతకం చేసినావు. నీ ఇష్టమొచ్చినట్టు మాట్లాడితే..."

"మా నాయనని నిలబెట్టి తిట్టినప్పుడు నేను మీ పేరు చెడగొట్టేదాన్ని. ఇప్పుడు ఆణిముత్యాన్నా? నాకు ఏం నేర్పినారో వీళ్ళకి చెప్పండి. కుడి ఏదో, ఎడమ ఏదో ఇప్పుడు బోర్డు మీద రాయండి. సరిగ్గా రాస్తే ఫ్లెక్సీ ఉండనీండి."

ఆయన మార్కరు ముట్టుకోలేదు. ఇరవై మందీ బోర్డు వైపే చూస్తున్నారు.

"పనుండాది. బయటికి పో," అన్నాడు.

సుకుమారి కిందికి దిగింది. సంచిలో కట్లు కత్తిరించే కత్తెర ఉంది. చేతికందేంత కిందికి వేలాడుతున్న ఫ్లెక్సీ అంచు పట్టుకొని తన ఫోటో చుట్టూ కత్తిరించబోయింది. అది జారిపోతూ ముడుచుకుపోతోంది, కత్తెర దిగడం లేదు. అప్పుడు ఎవరో వచ్చి అవతలి అంచు లాగి బిగించి పట్టుకున్నారు. చూస్తే గోపిక.

"కొయ్ అక్కా," అంది. "నేను తప్పుగానే ఎక్కించుకున్నాను. ఆ ముక్క చాన్నాళ్ళకు తెలిసింది."

బస్టాండు జనం పోగయ్యారు. కొందరు ఫోన్లు తీశారు. చంద్రమోహన్ పైమెట్టు మీద నిలబడి "పోలీసు కేసు పెడతా!" అని కేకేశాడు.

"పెట్టండి సార్! నా పేరు తెలుగులోనే రాయండి. జపాను భాషలో మీకు తప్పులు పోతాయి!"

జనం గొల్లున నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. ఫోటోను కోసి, మడిచి సంచిలో పెట్టుకొని డ్యూటీకి పోయింది. ఆరోజు పేషంట్ల చేతికి సూది గుచ్చే ముందు ప్రతిసారీ ఊపిరి పీల్చుకొని ఆగాల్సి వచ్చింది.

కేసు ఏమీ పెట్టలేదు. గోపికతోపాటు ఇంకో ముగ్గురు సెంటరు మానేశారు. ఆదివారం గుడి అయిపోయాక ఉదయగిరిలో సుకుమారి ఇంటి వసారాలో కూర్చొని వాళ్ళు కంజిలు రాసేవారు. మే నెలలో సుకుమారికి వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ జరిగింది, ఉద్యోగం ఖాయమైంది.

ప్రయాణానికి ఇంకా రెండు నెలలుండగా ఆ గోడకు కొత్త ఫ్లెక్సీ వచ్చింది. ఈసారి లిదియమ్మ అనే వేరే అమ్మాయి. సుకుమారి నాలుగు రోజులు వాకబు చేసి ఫోన్ నంబరు సంపాదించింది.

"నేను ఆ సెంటరు మొహమే చూడలా అక్కా," అంది లిదియమ్మ. "నెల్లూరులో చదువుకున్నాను. నా ఫోటో ఆయనకి ఎట్టా దొరికిందో తెలీదు."

సోమవారాల్లో జనం ఫిర్యాదులు తీసుకునే ఆత్మకూరు ఆర్డీవో ఆఫీసుకు ఇద్దరూ పోయి, వరసలో నిలబడి ఆ సెంటరు మీద అర్జీ ఇచ్చారు. పిచ్చయ్య కూడా వచ్చాడు, ఆ తెల్లచొక్కాలోనే. అర్జీ తీసుకున్న గుమాస్తా చదివి, కళ్ళద్దాలు పైకి నెట్టుకొని అడిగాడు.

"ఆయన చేత సారీ చెప్పిస్తే సరిపోతుందా అమ్మా?"

"సరిపోదు సార్," అంది సుకుమారి. "వెనక జత చేసిన కాగితం కూడా చదవండి. అక్కడ చేరిన పిల్లలకి ఏమేం తప్పు నేర్పినాడో అందులో రాసినాను."