పేర్లు తీసేసే పని

పరిశోధన చేసే మేడమ్ చెడ్డమనిషి కాదు. అందుకే ఆమె మీద నా కోపం చల్లారడం లేదు. చెడ్డవాళ్ళయితే నాలుగు తిట్టుకుని ఊరుకోవచ్చు.

తాగుడు మానినవాళ్ళను ఆస్పత్రుల్లో కూర్చోబెట్టి మాట్లాడించి, ఆ రికార్డింగులు మా ఆఫీసుకు పంపుతారు. వాటిని విని, టైపు చేసి, మనుషుల పేర్లూ ఊళ్ళ పేర్లూ తీసేయడం నా పని. ఆ తర్వాత ఎవరైనా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెడతారు. "దాచుకుంటే చదువు ముక్కిపోతుందమ్మా, అందరికీ తెరిచి పెట్టాలి" అంటుంది మేడమ్. నాకూ ఆ మాట నచ్చేది. మా ఇంట్లో అన్నీ దాచడమే కదా. సీసాలు ఆయన దాస్తాడు, వాంతి గుడ్డలు నేను దాస్తాను, "జ్వరమండీ, లేవలేకపోతున్నారు" అని ఆయన ఆఫీసుకు ఫోన్ చేసి అబద్ధమాడేదీ నేనే. అత్తగారు మాత్రం ఏదీ దాచుకోదు. "ఆ ఏడుపుగొట్టు మొహం చూస్తే దేవుడికైనా తాగాలనిపిస్తుంది" అని గుమ్మంలో నిలబడి మరీ అంటుంది.

మొన్న ఒక రికార్డింగు మొదట్లోనే దగ్గు వినపడింది. ఇన్నేళ్ళూ ఆ దగ్గు పక్కన మేలుకుని పడుకున్నదాన్ని, గొంతు వినక్కర్లేకపోయింది. మా ఆయన! నిరుడు వాళ్ళ ఆఫీసువాళ్ళు బలవంతాన చికిత్సకు పంపితే వెళ్ళొచ్చి, వచ్చిన వారమే మళ్ళీ మొదలెట్టిన మనిషి.

"ఏడాదిగా చుక్క ముట్టలేదు సార్. మా ఆవిడ నవ్వుతూ ఎదురొస్తుంది. ఆ నవ్వు చూస్తే ఇంక తాగాలనిపించదు."

అంతకు ముందురోజే ఆయన్ని మెట్ల మీదకు ఈడ్చుకొస్తూ చెయ్యి బెణికించుకున్నాను. ఆ చేత్తోనే ఆ నవ్వు టైపు చేశాను. రేపు ఎక్కడో ఒక డాక్టరు ఇది చదివి, ఎదురుగా కూర్చుని ఏడుస్తున్న ఇంకో ఆడదానితో "ఇంట్లో కాస్త నవ్వుతూ ఉండమ్మా" అంటాడు. అది ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి నవ్వు నేర్చుకుంటుంది.

ఉండబట్టలేక మేడమ్ దగ్గరికెళ్ళాను. "ఇది అబద్ధమండీ. ఈ మనిషి మా ఆయన."

ఆమె లేచి తలుపు మూసింది. "గుర్తుపట్టానని నువ్వు అనకూడదమ్మా. నువ్వు అనలేదు, నేను వినలేదు. మాట ఆయనది. తీసేయమని ఆయనే అడగాలి."

"పోనీ నేనూ చెప్తాను. నాదీ రికార్డు చెయ్యండి."

"మన పరిశోధన తాగేవాళ్ళ మీద కదమ్మా, ఇంట్లోవాళ్ళ మీద కాదుగా" అంది, నిజంగానే బాధపడుతూ.

ఇంటికెళ్ళి ఆయన్నే అడిగాను. చేతిలో గ్లాసు కింద పెట్టకుండానే నవ్వాడు.

"తీసేయడం దేనికే? లోకమంతా చదువుతుందట. నన్ను చూసి పదిమంది బాగుపడితే నీకేం నొప్పి?"

"మొగుడికి మంచిపేరొస్తుంటే ఓర్వలేదు, మహాతల్లి!" అంది అత్తగారు లోపలినుంచి.

పేరెక్కడుంది, తీసేసేదాన్ని నేనే కదా అని నోటిదాకా వచ్చింది. మింగేసి, ఆయన పక్కమీద పాత దుప్పటి పరిచాను. ఎలాగూ ఉతికేది నేనే.

మర్నాడు అది బయటికి పెట్టేముందు మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసి అడిగింది. "అన్నీ తీసేశావుగా? ఇందులో ఉన్న ఆ భార్యను ఎవరూ గుర్తుపట్టే వీల్లేదుగా?"

"లేదండీ" అన్నాను. "నేనే గుర్తుపట్టలేకపోయాను."