గోతిలో ఉండిపోయిన నీడ

అప్పలసూరి పొద్దున్నే లేచి చేసే పనులు మూడు. వేపపుల్ల నమలడం, ఎడ్లకి గడ్డి వెయ్యడం, తన చేతకానితనం తలుచుకుని కాసేపు నవ్వుకోవడం. మొదటి రెండూ ఒక్కోరోజు మరిచిపోయేవాడు.

“నాను దున్నిన సాలు సూసి కొంగలు కూడా పక్క మడికి పోతాయి” అని తనే చెప్పి, అందరికంటే ముందు తనే నవ్వేవాడు. ముందే నవ్వేస్తే ఎదుటివాడికి నవ్వడానికి ఏమీ మిగలదని అతని ధీమా.

అరవై ఎనిమిదో సంవత్సరం చైత్రంలో, రాజాం దారిలో ఉన్న గెడ్డవలసలో అతను గంజాయికి గోతులు తవ్వుతున్నాడు. కొండ కింద బంజరు ప్రభుత్వానిది. విత్తనాలు మునసబు నరసింగరావువి. నడుంనొప్పి ఒక్కటే అప్పలసూరిది.

“బంజరులో ఓ మూల ఎయ్యరా. ఎవడైనా అడిగితే నాకు తెలీదంటాను. నువ్వూ అదే అను” అన్నాడు మునసబు.

“మరి ఎవులేసినట్టు బాబూ?”

“దేవుడేసినట్టు. కాదంటే సెప్పు, గెడ్డవార మడి కౌలు ఇంకొకడికిస్తాను.”

ఆ మడి మీదే ఇల్లు గడుస్తోంది. లైసెన్సు లేని గంజాయికి జైలని అప్పలసూరికి తెలుసు. మడి పోతే ఆకలని ఇంకా బాగా తెలుసు. గునపం భుజాన వేసుకున్నాడు.

ఎర్ర గరపనేల. గునపం దిగితే రాయి, రాయి తీస్తే ఇంకో రాయి. మోకాలి లోతు గొయ్యి తవ్వి, పైమట్టి ఒక పక్కకీ అడుగుమట్టి ఇంకో పక్కకీ వేసి, గొయ్యిని ఎండకి వదిలెయ్యాలి. బాగా కాగాక చెరువు మన్నూ, పశువుల పెంట మాగిన గెత్తమూ, పొయ్యిలో బూడిదా పైమట్టితో కలిపి నింపాలి. నింపేముందు కుండెడు నీళ్ళు పోసి చూడాలి. నీళ్ళు నిలిచిపోతే వేరు కుళ్ళుతుంది. గెడ్డ నుంచి కావిడితో నీళ్ళు మొయ్యడం తవిటమ్మ వంతు. ఆమె అతని పెళ్ళాం. అక్కకూతురు కావడంతో మాటలొచ్చినప్పటినుంచీ అతన్ని మావ అనే పిలిచేది, చిన్నప్పటినుంచీ తిట్టేది.

గెడ్డవలసలో గోతులు తవ్వేవాళ్ళకి ఒక్కటే కట్టుబాటు. చైత్రం చివర్లో ఒకసారి, ఆషాఢం చివర్లో మరోసారి ఎండ సరిగ్గా నడినెత్తికి వస్తుంది. అప్పుడు నీడ కాళ్ళ కిందికి ముడుచుకుని పట్టు వదిలేస్తుంది. దగ్గర్లో గొయ్యి ఉంటే అందులోకి జారిపోతుంది. అందుకని ఆ రోజుల్లో ముసలి జగ్గమ్మ కళ్ళంలో కూర్చుని, వేళకి ఇత్తడి పళ్ళెం మీద గరిటెతో కొడుతుంది. తవ్వేవాళ్ళు గోతుల్లోంచి పైకొచ్చి, తువ్వాలు దులిపినట్టు కాళ్ళు దులిపి, నీడ వెంట ఉందో లేదో చూసుకుని దూరంగా పోతారు. అన్నం తెచ్చే ఆడవాళ్ళు గట్టు మీదే నిలబడి కేకేస్తారు. తప్పనిసరై దగ్గరికి రావాలంటే నెత్తిన చేట పెట్టుకుంటారు. చేట నీడలోకి మనిషి నీడ ముడుచుకుంటుంది, జారదు.

ఆ రోజు అప్పలసూరి చేతిలో ఒక అద్భుతం జరిగింది. తవ్విన గొయ్యి గుండ్రంగా వచ్చింది. అంచులు కత్తితో కోసినట్టున్నాయి. పోసిన నీళ్ళు చప్పరించినట్టు ఇంకిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక అతని చేతిలో ఒక పని సరిగ్గా కుదరడం అదే మొదలు. జగ్గమ్మ పళ్ళెం మోగింది. పైకొచ్చాడు, కాళ్ళు దులిపాడు, తన నీడ చూసుకున్నాడు. ఉంది. అప్పుడే తవిటమ్మ అంబలికుండ నెత్తిన పెట్టుకుని గట్టెక్కింది.

“ఓలె తవిటీ, ఇలా రా! నా గొయ్యి సూడు!”

“పళ్ళెం కొట్టేసినారు మావా. ఈడికే వచ్చి తాగు.”

“ఒక్కపాలి రావే. మల్లీ ఇలాటిది తవ్వుతానో నేదో.”

ఆ మాట నిజమే అనిపించి తవిటమ్మ నవ్వుకుంటూ వచ్చింది. కుండతోనే, నడుం మీద చెయ్యేసుకుని వంగి చూసింది.

“గొయ్యే కదా. ఏటున్నాదని ఇందులో?”

“నీకేటి తెల్సు పనితనం!” అని ఉడుక్కుని, గొయ్యి ఎండకి కాగాలన్న సంగతి కూడా మరిచి, అతను ఆ ఊపులోనే గెత్తం కలిపిన మట్టి గోతిలోకి తోసి, కాళ్ళతో తొక్కి, నడుము ముడిలోంచి విత్తనం తీసి నాటేశాడు. తన నీడ రెండుసార్లు చూసుకున్నాడు. పెళ్ళాం నీడ చూడాలని తోచలేదు.

సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు తవిటమ్మ అటూ ఇటూ జరిగి చూసుకుంది.

“మావా, నా నీడ నీ గోతిలో ఉండిపోనాది.”

“తవ్వితే ఇత్తనం పోతాది. మునసబు ఊరుకోడు. పంట తీసీసినాక తీద్దారిలే.”

“పంట తీసినదాకా ఎండకి మాడతాను గావాల.”

“నా నీడలో నడువు.”

“నీ నీడలో నీకే సోటు సాలదు” అంది తవిటమ్మ.

జ్యేష్ఠం వచ్చేసరికి మొక్కలు నడుమెత్తు పెరిగాయి. అన్నిటి కింద మొక్కల నీడ పడుతోంది. ఆ ఒక్కదాని కింద మాత్రం నెత్తిన కుండ, నడుం మీద చెయ్యి ఉన్న ఆడమనిషి నీడ. గేదెల్ని తోలుకెళ్ళేవాళ్ళు చూసి, “తవిటమ్మొదిన నీడ బాగా ఎదిగినాది” అనుకుని పోయేవారు.

అది చూడనిది ఎక్సైజు వాళ్ళొక్కరే. వాళ్ళూ ఒకనాటి ఉదయం జీపులో వచ్చారు.

మునసబు బంజరు గట్టు మీద నిలబడి, “నాకేం తెలీదండీ. నాకీ మొక్క పేరే తెలీదు” అన్నాడు. ఇన్‌స్పెక్టరు బెజవాడ వైపు మనిషి. మొక్క కింది నీడ చూసి, అది ఎవరిదో తేల్చాలని ముందు మునసబు కాళ్ళ దగ్గర చూశాడు. నీడ పుష్టిగా ఉంది. గోతి దగ్గర ఏనాడూ వంగనివాడి నీడకి ఢోకా ఏముంటుంది.

అప్పలసూరి పరిగెత్తుకొచ్చాడు. “బాబూ, గోతులు నాను తవ్వేను. ఇత్తనాలు నాను నాటేను. పట్టుకుపోతే నన్ను పట్టుకుపోండి!”

“మొగుళ్ళందరూ ఇలాగే అంటారు” అన్నాడు ఇన్‌స్పెక్టరు. అతన్ని ఎండలో నిలబెట్టి చుట్టూ తిరిగి చూశాడు. “నీ నీడ నీ దగ్గరే ఉంది. నువ్వు నిర్దోషివి.”

“నాను నిర్దోషిని కాదు బాబూ!”

“నేను చెబుతున్నానుగా.”

తరవాత తవిటమ్మని మొక్క పక్కన నిలబెట్టారు. కుండ నెత్తిన పెట్టుకోమన్నారు. నడుం మీద చెయ్యి వెయ్యమన్నారు. సరిపోయింది. మిగతావి పీకి తగలబెట్టి, సాక్ష్యానికి ఆ మొక్కని వేళ్ళతో సహా పెకిలించి జీపు వెనక పడుకోబెడితే, నీడ కూడా మొక్కతోపాటు పడుకుంది. తవిటమ్మ జీపెక్కుతూ, “ఎడ్లకి గడ్డెయ్యి. మర్సిపోతావు” అంది.

అప్పలసూరి జీపు పట్టుకుని వేలాడాడు. ఇన్‌స్పెక్టరుకి విసుగొచ్చింది. “నీ నీడ పడ్డ మొక్క ఒకటి చూపించు, ఆమెని దింపి నిన్ను ఎక్కించుకుంటాను. ఇక వదులు” అన్నాడు. జరగని పని కదా అని అన్నాడు.

అప్పలసూరికి అంతటి స్పష్టమైన మాట ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. జీపు వదిలేశాడు. నడుము ముడి తడుముకున్నాడు. ఒక విత్తనం మిగిలుంది.

మర్నాడే గొయ్యి తవ్వాడు. మధ్యాహ్నం అంచున నిలబడి గోతిలోకి వంగాడు. నీడ కాళ్ళని పట్టుకుని దక్షిణం వైపు ఒరిగిందే తప్ప జారలేదు. జగ్గమ్మ కళ్ళంలోంచి కేకేసింది. “ఒరే ఎర్రోడా, పొద్దు నెత్తి దాటి ఉత్తరానికి పోనాదిరా! ఆసాడం ఆకర్న గానీ తిరిగి రాదు!”

“అందాకా అది జైల్లో ఉండాలా అత్తా?”

“పొద్దుని నాను తిప్పుతానేటిరా?”

ఎదురుచూశాడు. ఊళ్ళో ఆకుమళ్ళు పోశారు, ఊడ్పులు మొదలెట్టారు. మునసబు గెడ్డవార మడిని ఇంకొకడికి ఇచ్చేశాడు. అప్పలసూరి వెళ్ళి అడగనైనా లేదు. పొయ్యి వెలిగించబోయి మీసం కాల్చుకున్నాడు. సబ్‌జైలుకి పోతే తవిటమ్మ చువ్వల వెనకనుంచి, “మీసమేటయినాది?” అని అడిగి, నవ్వబోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆషాఢం చివరికి పొద్దు నెత్తి మీదికైతే వచ్చింది గానీ, మబ్బుల వెనకనుంచి వచ్చింది. రోజూ వాన. గోతిలోకి చేరిన నీళ్ళని ముంతతో తోడి, మళ్ళీ అంచు చెక్కి, నీడే లేని వెలుతురులో నిలబడేవాడు. దండం పెట్టాడు, తిట్టాడు. మబ్బుకి రెండూ ఒకటే. ఇంకొన్నాళ్ళయితే పొద్దు దక్షిణానికి జారిపోతుంది. ఆ తరవాత మళ్ళీ చైత్రమే.

ఇక కాదనుకుని గట్టు మీద చతికిలబడ్డ రోజున మబ్బు విరిగింది. జగ్గమ్మ పళ్ళెం గణగణమంది. అందరూ గోతులకి దూరంగా పోతుంటే అతనొక్కడే గునపంతో పరిగెత్తుకొచ్చి వంగాడు. నీడ కాళ్ళు వదిలి, తడిసిన తువ్వాలులా గోతిలోకి జారింది. దాని మీద గెత్తం, చెరువు మన్ను, బూడిద మెత్తగా కప్పి విత్తనం నాటాడు. ఒళ్ళు తేలికైపోయింది. అన్నాళ్ళూ ఏడవాలని గుర్తురానివాడు అప్పుడు ఏడిచాడు.

భాద్రపదంలో మొక్క మోకాలెత్తు పెరిగింది. దాని కింద గునపం పట్టుకుని వంగిన మనిషి నీడ, కాలి సగమైన మీసంతో సహా. తనే రాజాం వెళ్ళి, తవిటమ్మనీ వెంట తీసుకురమ్మని ఇన్‌స్పెక్టరుకి కబురు పెట్టించి, తిరిగొచ్చి గోతి పక్కన కూర్చున్నాడు.

జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరు దిగకముందే అప్పలసూరి లేచి కేకేశాడు.

“రండి బాబూ, సూడండి, నా గొయ్యి!”

ఇన్‌స్పెక్టరు మొక్క చూశాడు, నీడ చూశాడు, అప్పలసూరి కాళ్ళ కింద ఏమీ లేని నేల చూశాడు. తరవాత జీపు వైపు చెయ్యూపాడు.

తవిటమ్మ దిగింది. చిక్కిపోయింది. ఆమె నీడ కోర్టులో ఉందట, కేసు తేలాక ఇస్తారట. పోగొట్టుకునేందుకు ఏమీ లేకపోయినా అలవాటు కొద్దీ గట్టు మీదున్న ఎవరిదో చేట నెత్తిన పెట్టుకుని గోతి దగ్గరకొచ్చింది. అప్పటికి అప్పలసూరిని జీపులో కూర్చోబెట్టేశారు. గోతిలో మట్టంతా తోడి, మొక్కని వేళ్ళతో సహా తీసి అతని ఒళ్ళో పెట్టారు.

ఆమె ఖాళీ గోతిలోకి వంగి, అంచు చుట్టూ వేలితో తడిమి చూసింది.

“బాగున్నాది మావా” అంది. “గుండ్రంగా వచ్చినాది.”

అప్పలసూరి ఏదో అనబోయాడు. జీపు కదిలింది.