కిటికీల అక్కయ్య

అక్కయ్య అప్పటికి ఎడమవైపు మేడకు కిటికీలన్నీ వేసేసి కుడివైపు మేడ మొదలుపెట్టింది. ఆ కాగితం ఆమెది కాదు. దాని మధ్యలో గొడుగుతో పరుగెత్తుతున్న బుజ్జిపిల్లా ఆమెది కాదు. ఆ బుజ్జిపిల్లను గీసిన అమ్మాయి పక్క బల్ల మీద తల వాల్చి హాయిగా నిద్రపోతోంది. కిటికీలు మాత్రం అక్కయ్యవే. ఒకదాంట్లో తువ్వాలు ఆరేసి ఉంటుంది, ఒకదాంట్లో ముసలాయన ఎవరో వీపు గోక్కుంటూ ఉంటాడు, ఇంకొకదాని తలుపు ఎంత లాగినా సగమే పడుతుంది. పాళీని సిరాలో ముంచి, సీసా అంచుకు తాకించి, ఊపిరి బిగబట్టి గీత లాగి, అప్పుడు ఊపిరి వదులుతుంది.

పుస్తకాలకు బొమ్మలు వేయడం నేర్పే కోర్సుకు అది ఆఖరి రోజు. పిల్లల పుస్తకాలు అచ్చువేసే సంస్థ నుంచి ఎడిటరు వచ్చి ఒక్కొక్కరూ తయారుచేసిన బొమ్మల పుస్తకం చూస్తుంది. ఒక్కరిని తనతో పనికి తీసుకుంటుంది. మిగిలినవాళ్ళు ఎవరి తిప్పలు వాళ్ళు పడాలి. అక్కయ్యకైతే తిప్పలు ఏమిటో ముందే తెలుసు. ఊళ్ళో ఫొటో స్టూడియో ఆయన ఆమె కుర్చీ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. మళ్ళీ అక్కడ కూర్చుని పెళ్ళికూతుళ్ళ మొటిమలు చెరపాలి.

ఈ కోర్సులో చేరేనాటికే ఆమెకు ముప్పై దాటాయి. అంతకు ముందు తమ్ముడి సైన్సు రికార్డులో కప్పను వేసింది, చెల్లెలి రికార్డులో పువ్వును నిలువుగా కోసింది. మార్కులు వాళ్ళకు వచ్చాయి, వేళ్ళ మీద సిరా ఈమెకు మిగిలింది. వాళ్ళిద్దరూ ఎవరి దారి వాళ్ళు చూసుకున్నాక, ఒకరోజు అన్నం తింటూ “నేను బొమ్మలు నేర్చుకుంటాను నాన్నా” అంది. “నీకు రాకపోతే కదే నేర్చుకోడానికి!” అన్నాడు తండ్రి. కానీ ఆపలేదు.

కాలేజీలో తోటి పిల్లలకు ఆమె మొదటి వారంలోనే అక్కయ్య అయిపోయింది. పక్కింటికి పంచదారకు వచ్చినట్టు వచ్చేవాళ్ళు. “అక్కా, కొంచెం గోడ.” “అక్కా, సంతలో జనం కావాలి, ఓ గుప్పెడు.” ఎవరి పని వాళ్ళే చేయాలని, వేరే చెయ్యి పడిందని తేలితే ఆ పని మొత్తం కొట్టేస్తారని మాస్టారు మొదట్లోనే చెప్పారు. అందరూ తలలూపారు. గోడకూ గుంపుకూ ఆ మాట వర్తించదని ఎవరికి వాళ్ళు అనుకున్నారు. మొహమాటం అనే జబ్బు ఒకటుంది, దానికి మందు లేదు. అక్కయ్యకు అది చిన్నప్పటినుంచీ ఉంది.

హాస్టలు గదిలో ఆమెతో ఉండే, ఇప్పుడు బల్ల మీద నిద్రపోతున్న ఈ అమ్మాయిని అందరూ పిల్ల అనేవారు. పిల్ల మనుషుల్ని గీస్తే కాగితం మీంచి లేచి వచ్చేలా గీస్తుంది. వాళ్ళ కాళ్ళ కింద నేల గీయమంటే మాత్రం తలప్రాణం తోకకొస్తుంది. ఈ వారమంతా అక్కయ్య పిల్ల పుస్తకానికి వీధులు వేస్తూనే ఉంది. తన పుస్తకం వెనక పడింది. నిన్న కూర్చుని తన కిటికీలను గబగబా గీసిపారేసింది. తువ్వాలు ఉంది గానీ మడతలు లేవు. ముసలాయన ఉన్నాడు గానీ వీపు గోక్కునే తీరిక అతనికి దొరకలేదు.

“పిల్లా, లే. అయిపోయింది. ఆరనివ్వు, చెయ్యి పెట్టకు.”

పిల్ల కళ్ళు నులుముకుని కాగితం చూసి, “అక్కా, నువ్వు లేకపోతే నేనేమైపోదును!” అంది. ఆ మాటకు అక్కయ్య ఎప్పట్లాగే పొంగిపోయింది.

ఎడిటరు నెరిసిన జుట్టును పొట్టిగా కత్తిరించుకున్న సన్నపాటి మనిషి. పొడవాటి బల్ల వెనక కూర్చుని ఒక్కొక్కరినే లోపలికి పిలిచింది. అక్కయ్య వంతు అందరికన్నా ఆఖరున వచ్చింది. ఎడిటరు మొదటి పేజీ తిప్పింది, రెండోది తిప్పింది, మూడో పేజీ దగ్గర ఆగి కళ్ళద్దాలు తీసింది.

“ఏమీ అనుకోకండమ్మా. ఈ కిటికీలు పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నాను. ఈ జనాన్ని కూడా. మీ క్లాసులో నలుగురైదుగురి దగ్గర ఉన్నారు వీళ్ళు.”

అక్కయ్య తన వేళ్ళ మీది సిరా చూసుకుంది.

“ఒకరిని చూసి ఒకరు నేర్చుకోవడంలో తప్పులేదు. కానీ వాళ్ళ దగ్గర ఇవి ఇంకా బాగున్నాయి. మీవి పలచగా ఉన్నాయి. మీ సొంత గీత ఏదో నాకు కనబడలేదమ్మా.”

“చూసి గీయలేదండీ,” అంది అక్కయ్య. “అది నా చెయ్యే.”

“అందరూ అలాగే అంటారు,” అంది ఎడిటరు జాలిగానే.

ఇంకొక్క మాట అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాంతోపాటు ఆ నలుగురైదుగురి మొహాలూ వచ్చాయి, మాస్టారు చెప్పిన రూలూ వచ్చింది. త్యాగం చేద్దామని ఆమె అనుకోలేదు. నోరు పెగల్లేదు, అంతే. పేజీలు సర్దుకుని, అలవాటు కొద్దీ నమస్కారం పెట్టి బయటికి వచ్చింది.

కాసేపటికి మాస్టారు వచ్చి పిల్ల పేరు చెప్పారు. ఎడిటరు ఆమె పేజీలకు ఫొటోలు తీసుకుందట. “మనుషుల్ని చాలామంది గీస్తారుగానీ, ఈ అమ్మాయి గీసిన వీధిలో మనం అడుగు పెట్టొచ్చు, అంది,” అని మాస్టారు మురిసిపోతూ చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్కయ్య కూడా కొట్టింది.

పిల్ల ఆమెను చెయ్యి పట్టుకుని వరండా చివరికి లాక్కెళ్ళింది. లోపల ఏం జరిగిందో అడిగింది. అక్కయ్య దాచలేదు, ఉన్నదున్నట్టు చెప్పింది. పిల్ల మొహం తెల్లబోయింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

“నేను వెళ్ళి చెప్పేస్తానక్కా. ఆవిడ ఇంకా లోపలే ఉంది. వీధులన్నీ అక్కవే అని చెప్పేస్తాను.”

ఇలాంటప్పుడు అక్కయ్య ఏమంటుందో పిల్లకు తెలుసు. తమ్ముడికీ తెలుసు, చెల్లెలికీ తెలుసు, ఫొటో స్టూడియో ఆయనకూ తెలుసు. పర్లేదులే అంటుంది. పిల్ల ఆ మాట కోసమే ఎదురుచూస్తూ నిలబడింది.

“చెప్పు,” అంది అక్కయ్య.

“ఆఁ?”

“వెళ్ళి చెప్పు.”

తన గొంతులోంచే వచ్చిందా ఆ మాట అని అక్కయ్యకే ఆశ్చర్యం వేసింది. కానీ వెనక్కి తీసుకోలేదు. పిల్ల తలుపు వైపు చూసింది, తన చెప్పుల వైపు చూసింది. చున్నీ కొసను వేలికి చుట్టింది, విప్పింది. లోపల ఎడిటరు కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడైంది. ఎడిటరు బయటికి వచ్చి, పిల్ల భుజం తట్టి, అక్కయ్యకేసి చిన్నగా తలూపి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

“ఫోన్ చేసి చెప్తానక్కా,” అంది పిల్ల. “తప్పకుండా చెప్తా.”



సాయంత్రానికి గదులు ఖాళీ చేయాలి. పిల్ల వాళ్ళ నాన్న కారు తెచ్చాడు. “మా అమ్మాయి ఎప్పుడూ మీ మాటేనమ్మా,” అన్నాడు, పాపం మంచివాడు. పెద్ద బ్యాగుకు రెండో పక్క పట్టడానికి ఎవరూ లేకపోతే అక్కయ్యే పట్టింది. ఏదో మర్చిపోయానని పిల్ల మళ్ళీ గదిలోకి పరుగెత్తి, చాలాసేపటికి గానీ దిగిరాలేదు. వచ్చాక అక్కయ్యను గట్టిగా వాటేసుకుంది. కారు మలుపు తిరిగేదాకా అక్కయ్య గేటు దగ్గరే ఉంది.

మెట్లెక్కుతుంటే ఆమెకు కోపం వచ్చింది. పిల్ల మీద వచ్చింది, ఎడిటరు మీద వచ్చింది, అన్నిటికన్నా ఎక్కువగా తన చేతి మీద వచ్చింది. కోపం అలవాటు లేని మనిషి కావడంతో దాన్ని ఏం చేసుకోవాలో తెలియక, రెయిలింగు పట్టుకుని కాసేపు నిలబడింది. కింద కాపలాదారు “ఏమ్మా, ఒంట్లో బాలేదా?” అని అడిగాడు.

“బానే ఉంది. కోపంగా ఉంది,” అంది.

గదిలో పిల్ల మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. అక్కయ్య మంచం మీద మాత్రం ఒక పేజీ పరిచి ఉంది. పొద్దున పూర్తిచేసిన వీధే అది. మేడలూ, తువ్వాలూ, ముసలాయనా, మధ్యలో గొడుగుతో పరుగెత్తే బుజ్జిపిల్లా. అడుగున కుడివైపు మూలలో పిల్ల తన పేరు సిరాతో రాసుకున్న చోట ఇప్పుడు పేరు లేదు. బ్లేడుతో గీకేసి ఉంది. తొందరలో గట్టిగా గీకినట్టుంది, కాగితం నూగు లేచిపోయింది. ఇక అక్కడ ఎవరు ఏ పేరు రాసినా సిరా పాకిపోతుంది.