గుడ్డ చుట్టిన వైరింగ్ కిట్

కారంటే తాళం తిప్పితే కదిలేదని వెంకటరత్నమ్మ చాలాకాలం నమ్మింది. బందరు గిలకలదిండిలో ఆవిడ పెరటి రేకుల షెడ్డులో తిష్ట వేసిన వస్తువుకి చక్రాలైతే ఉన్నాయి, కదలిక మాత్రం లేదు. పడవ అమ్మేశాక చేతులు ఊరుకోక, ఆవిడ మొగుడు ఏడుకొండలు పెదపారుపూడిలో ఓ రైసు మిల్లు వెనకాల కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న పాత అంబాసిడర్ని కొని, ట్రాక్టరుకి కట్టి బందరు దాకా ఈడ్పించుకొచ్చాడు. పైగా వాకిట్లో ఆపి, దానికి హారతి ఇమ్మన్నాడు. "నా చేపల బుట్టకైనా ఇస్తా గానీ దీనికివ్వను," అని ఆవిడ విసవిసా లోపలికి వెళ్లిపోయింది.

ఆవిడకి ఒళ్లు మండిందంటే మండదూ మరి! ఆ షెడ్డు ఎండు చేపలు దాచుకోవడానికని ఆవిడ పట్టుబట్టి వేయించుకున్నది. కారు లోపలికి చేరాక చేపల డబ్బాలు చూరు కిందకి వచ్చాయి. తుఫాను జల్లుకి తడిసి సావిళ్లూ నెత్తళ్లూ లాంటి ఎండు చేపలన్నీ బూజు పట్టాయి. వెంకటరత్నమ్మ సరుకంటే మారు మాట్లాడకుండా కొనే గుడివాడ బేరగాళ్లు ఆ వారం వాసన చూసి, మొహం తిప్పుకుని పక్కావిడ దగ్గరికి వెళ్లారు. అంతమందిలో తల కొట్టేసినట్టయింది ఆవిడకి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బుట్ట దించకుండానే మొగుడితో తేల్చేసింది.

"ఇదిగో చూడయ్యా. మాఘ పౌర్ణమికి నీ కారు దానంతట అది హంసలదీవి తిరనాళ్లకి వెళ్లిందా, షెడ్డు ఊసెత్తను. వెళ్లలేదా, పాత ఇనుము వాణ్ణి పిలుస్తా. షెడ్డు నాది."

"సరే. నిన్నే ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తా," అన్నాడు ఏడుకొండలు.

"అలాగే కూర్చుంటా. కింద కంతలోంచి రోడ్డు కనపడుద్దిగా, దివిసీమంతా చూసుకుంటా పోదాం!"

కంత పూడ్చాడు. ఇంజను బాగు చేయించాడు. బ్రేకులు వేయించాడు. ఇక వైరింగు దగ్గర పని ఆగింది. పాత తీగలు ముట్టుకుంటే అటుకుల్లా రాలుతున్నాయి. బండికి కావాల్సిన తీగలన్నీ ఒక్క జడగా అల్లి, కొత్త కిట్టుగా అమ్ముతారట. అందులో ఏది కొనాలి? దీని మీద జరిగినంత ఆలోచన వెంకటరత్నమ్మ పెళ్లి సంబంధం మీద కూడా జరగలేదు.

సలహాదార్లు ఇద్దరు. ఒకడు వసీం, గుడివాడలో కార్లకి కరెంటు పని చేసేవాడు. నోరు తెరిస్తే ఆగడు. టీ తాగుతూ చెబుతాడు, టీ అయిపోయాక కూడా చెబుతాడు. రెండోవాడు ఆవిడ సొంత తమ్ముడు ప్రకాష్. పెడనలో కలంకారీ బట్టల కొట్టు నడుపుతాడు. కారు తోలడం రాదు గానీ, ఫోనులో వీడియోలు చూసి కార్ల మీద ప్రవచనాలు చెబుతాడు.

"ప్లాస్టిక్కు తొడుగుది తీసుకో మావయ్యా," అన్నాడు వసీం. "ఫ్యూజు బాక్సు కూడా వస్తది. ఏ తీగ ఎక్కడికో దాని మీదే రాసుంటది. ఇది ఉప్పుగాలి తగిలే ఊరు. గుడ్డ చుట్టిందైతే తేమ పీల్చుకుని లోపల రాగి పచ్చబడిపోద్ది."

ప్రకాష్‌కి అక్కడే కోపం వచ్చింది. "ఏంటి బావా వినేది? ఆ రోజుల్లో కంపెనీవాళ్లు గుడ్డే చుట్టారు. ప్లాస్టిక్కు వేస్తే బానెట్ ఎత్తగానే నవ్వుతారు. ఒరిజినల్ ఒరిజినలే!"

"ఎవర్రా బానెట్ ఎత్తి చూసేది? రొయ్యల వ్యాన్ల వాళ్లా?" అంది వెంకటరత్నమ్మ.

ముగ్గురు మగాళ్లు తలకాయలు దగ్గర పెట్టుకుని ఫోనులోకి చూస్తున్నారు, పిల్ల పుట్టినట్టు.

చివరికి ఒరిజినలే గెలిచింది. పార్సిల్ వచ్చింది. ఎర్రటి, పచ్చటి నూలు పోగులతో అల్లిన తీగల జడ. ఏడుకొండలు దాన్ని రెండు చేతుల మీదా పెట్టుకుని వంటింట్లోకి తెచ్చి చూపించాడు. "ఎట్టా ఉంది?"

"నా మెళ్లో వెయ్యి, ఊరేగుతా," అంది.

ఉప్పుగాలి మాట మాత్రం ఏడుకొండలు మనసులో నాటుకుంది. తేమ తగలకూడదు. అంతే కదా! జీవితమంతా సముద్రం మీద బతికినవాడికి ఆ సంగతి ఒకరు నేర్పాలా? చెక్క పడవకి ఏం రాస్తాం? సొర నూనె. సొరచేప కాలేయం కరిగించి తీసిన ఆ నూనె పట్టిస్తే ఉప్పునీళ్లు కూడా దూరవు. తెల్లారగానే పాత డబ్బా వెతికి తీసి, వైరింగ్ కిట్టుని షెడ్డులో నేల మీద పరిచి, బ్రష్షుతో పోగు పోగుకీ పట్టించడం మొదలుపెట్టాడు. ఆ కంపుకి కాకులు కూడా దూరంగా వాలాయి.

చాట పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన వెంకటరత్నమ్మ చూసింది. చూడగానే తెలిసిపోయింది.

పడవకి నూనె రాసి, రాసిన గుడ్డ అక్కడే పడేసి పోవడం మగాళ్ల పని. ఆ గుడ్డలు ఏరి తగలబెట్టడం ఆడవాళ్ల పని. తగలబెట్టకపోతే పందికొక్కులు వచ్చి పోగులు పోగులుగా పీకి తింటాయి. వాళ్లమ్మ చెప్పింది, అత్తగారు చెప్పింది, ఆవిడా ఎన్నోసార్లు కళ్లారా చూసింది. మొగుడికి తెలియదు. ఎలా తెలుస్తుంది, ఎప్పుడైనా వెనక్కి తిరిగి చూస్తేగా?

ఏడుకొండలు బ్రష్షు ఆపి తలెత్తాడు. ఆవిడ నోరు తెరిచింది. బూజు పట్టిన సావిళ్లు గుర్తొచ్చాయి. మొహం తిప్పుకున్న బేరగాళ్లు గుర్తొచ్చారు. నోరు మూసుకుని లోపలికి వెళ్లిపోయింది. చావనీ, షెడ్డు వస్తుంది.

వసీం ముక్కుకి గుడ్డ కట్టుకుని కిట్టు బిగించాడు. లైట్లు వెలిగాయి, హారను మోగింది, వీధి వీధంతా వచ్చి చూసింది. ప్రకాష్ ఆ కారు ముందు నిలబడి, తనే కనిపెట్టినట్టు ఫొటోలు దిగాడు.

పౌర్ణమి నాడు పొద్దున్నే ఏడుకొండలు కొత్త చొక్కా తొడుక్కుని తాళం తిప్పాడు. కిక్కురుమనలేదు. బానెట్ ఎత్తారు. ఎర్రపోగులూ పచ్చపోగులూ పీచు పీచై ఇంజను మీద పరుచుకున్నాయి. మధ్యలో రాగి తీగలు బోసిగా వేలాడుతున్నాయి. కింద పందికొక్కుల పెంటికలు.

"నే చెప్పలా, ప్లాస్టిక్కు కొనమని?" అన్నాడు వసీం.

"నువ్వు బిగించడం చేతకాక మాట్లాడకు. పంపినవాడు డూప్లికేట్ సరుకు పంపాడు," అన్నాడు ప్రకాష్. ఇద్దరూ కాలర్లు పట్టుకునేదాకా వెళ్లారు.

ఏడుకొండలు వాళ్ల వైపు చూడలేదు. పక్కింటివాళ్లని పిలిచి, కారుని ఎండలోకి తోయించాడు. చీపురు తెచ్చి షెడ్డంతా తనే ఊడ్చాడు. చూరు కింద డబ్బాలు ఒక్కొక్కటే భుజానికెత్తి లోపల పెట్టడం మొదలుపెట్టాడు. ఒక్క విసుగు కూడా లేదు.

గెలిచిన మనిషి గుమ్మంలో నిలబడి చూస్తోంది. కొత్త చొక్కా భుజం మీద చేపల పొట్టు అంటుకుంటోంది. ఇక ఉండబట్టలేకపోయింది.

"పక్కన పెట్టవయ్యా ఆ డబ్బా! ఆ నూనెకి పందికొక్కులు వస్తయ్యని నాకు తెలుసు. నువ్వు రాస్తన్నప్పుడే తెలుసు. కావాలనే చెప్పలా. విన్నావా? కావాలనే!"

ఏడుకొండలు డబ్బా దించాడు. కోపం రాలేదు. భుజం మీది పొట్టు దులుపుకున్నాడు.

"నువ్వు గుమ్మంలోకొచ్చినప్పుడు తిడతావేమోనని ఆగా కూడా," అన్నాడు. "నువ్వు తిట్టలా. సరిగ్గానే చేస్తన్నా అనుకున్నానే."