రానివాళ్ళకు మోగిన బెల్లు

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. చెప్పేవాళ్ళుంటే కదా వినడానికి! మీకు కథలు చెప్పాల్సిన నోళ్ళన్నీ మన ఊళ్ళోనే ఉండిపోయాయి, ఇంత దూరంలో మీకు నా నోరొక్కటే దిక్కు. తెలిసినంతవరకు చెబుతాను. తెలియనిచోట తెలియదనే అంటాను, కల్పించను.

ఒక కళ్ళజోళ్ళ కొట్లో వెనక గదిలో ఒకావిడ పనిచేసేది. ముందు గదిలో వాళ్ళు కొలతలు రాసి పంపిస్తే, అద్దాలు సానరాయి మీద అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆవిడ పని. అందరూ అద్దాలమ్మ అనేవాళ్ళు. కొన్నవాళ్ళు ముందు గదిలోంచే వెళ్ళిపోయేవాళ్ళు కనుక వాళ్ళ మొహాలు ఆవిడకు తెలిసేవి కావు. ఎవరికి ఎడమ చెవి కాస్త పైకుంటుందో, ఎవరి ముక్కుకు ఏ ఫ్రేము కుదరదో మాత్రం తెలుసు. జోడు ముక్కును నొక్కుతోందని ఎవరైనా వెనక్కి తెస్తే, "అమ్మేశాం కదా" అన్న మాట ఆవిడ నోట ఎన్నడూ రాలేదు. "పెట్టుకున్నవాళ్ళకు నొప్పంటే నొప్పే" అని, ఫ్రేమును వేడిచేసి వంచి ఇచ్చేది.

సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీసుకునేది. ఇంట్లో రెండు కుర్చీలు. ఒకదాని మీద తను కూర్చునేది. రెండోదాని మీద మడతపెట్టిన బట్టలు కూర్చునేవి.

ఒకరోజు గ్యాసు బండ తెచ్చినతను తలుపు బాది, "ఎంతసేపు నొక్కాలమ్మా? మీ బెల్లు చచ్చిపోయింది" అని కసిరాడు. అది ఎప్పుడు చచ్చిపోయిందో ఆవిడకు తెలియదు. నొక్కినవాళ్ళుంటే కదా తెలిసేది. రేపు ఎవరైనా వచ్చి నొక్కి నొక్కి వెళ్ళిపోతే పాపం కదా అని, బజార్లో ఎలక్ట్రిక్ సామాన్ల కొట్టుకు వెళ్ళి కొత్త బెల్లు కొనుక్కుంది. రసీదు అడిగి తీసుకుంది. (మీరు కూడా అడగండి. సిగ్గుపడకండి.) ఇంటికొచ్చి, తన దగ్గరున్న చిన్న స్క్రూడ్రైవరుతో తనే బిగించుకుంది.

ఆ సాయంత్రమే బెల్లు మోగింది.

అద్దాలమ్మ చేతులు తుడుచుకుని, జుట్టు సర్దుకుని, రెండో కుర్చీ మీది బట్టలు తీసి మంచం మీద పెట్టి, తలుపు తీసింది. బయట మెట్ల మీద దీపం వెలుగుతోంది. ఎవరూ లేరు. కాసేపు నిలబడి, తలుపు వేసుకుని, బట్టలు మళ్ళీ కుర్చీ మీద పెట్టింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మోగడం, బట్టలు తీయడం, తలుపు తీయడం, ఎవరూ లేకపోవడం, బట్టలు మళ్ళీ పెట్టడం. బెల్లు లేనప్పుడు ఆ ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది, అంతే. ఇప్పుడు రోజూ ఒకసారి ఆశపెట్టి మరీ నిశ్శబ్దమయ్యేది.

బెల్లు ఊడదీసి, పెట్టెలో పెట్టి, రసీదుతో సహా కొట్టుకు తీసుకెళ్ళింది.

కొట్టాయన పెట్టె తెరిచి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఓ, ఇది ఆ లాట్‌లో వచ్చిందా! నొక్కితే మోగేదే కానీ, ఎవరైనా మీ ఇంటికి రావాలని మనసులో అనుకున్నా మోగుతుంది. మా తోడల్లుడి ఇంట్లో ఇలాంటిదే ఉంది. మా అత్తగారు వాళ్ళింటికి వెళ్దామని అక్కడ అనుకోగానే ఇక్కడ మోగుతుంది. ఆయన చొక్కా తగిలించుకుని బజారుకు పోతాడు. బంగారం లాంటి మాలమ్మా ఇది!"

"నాకొద్దండీ. వెనక్కి తీసుకోండి."

ఆయన వేలితో గోడ చూపించాడు. అక్కడ పెద్ద అక్షరాలతో బోర్డుంది: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

"పాడైపోయింది కదండీ."

"ఎక్కడ పాడైంది? మోగని బెల్లు పాడైన బెల్లు. ఇది మోగుతోందాయె."

"ఊరికే మోగుతోంది. మా ఇంటికి రావాలని ఎవరూ అనుకోరు. ఎవరూ అనుకోకుండా మోగుతోందంటే పాడైనట్టే కదా."

కొట్టాయన కాస్త ఇబ్బందిగా నవ్వి, "ఎవరో ఒకరు అనుకుంటారులెండి" అని పెట్టె మూసి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆ వారంలోనే ఒక వకీలు తన కళ్ళజోడు మీద తనే కూర్చుని, దాన్ని పట్టుకుని నేరుగా కళ్ళజోళ్ళ కొట్టు వెనక గదికే వచ్చాడు. ఆయనకది అలవాటే. ఫ్రేము వంచుతూ అద్దాలమ్మ సంగతి చెప్పింది. ఆయన మసకమసకగా ఆవిడవైపు చూసి అన్నాడు:

"బోర్డు రాసుకుంటే చట్టమైపోతుందా అమ్మా? రేపు 'లోపలికొచ్చినవాళ్ళని తంతాం' అని రాసుకుంటాడు, తన్నించుకుంటామా? లోపమున్న వస్తువైతే బాగుచేయాలి, లేదా మార్చాలి, లేదా వెనక్కి తీసుకుని డబ్బివ్వాలి. వినియోగదారుల కోర్టులో వేద్దాం. నాకు ఫీజేం వద్దు, నా జోడు ఎన్నిసార్లు విరిగినా అతికించు."

అలా కేసు పడింది.

కోర్టంటే పెద్ద మేడేం కాదు. పైన తిరిగే ఫ్యాను, కింద నాలుగు బల్లలు. తీర్పు చెప్పే పెద్దావిడ అందరి మాటా విని అంది: "ఎవరైనా రావాలనుకుని ఉంటే బెల్లు మంచిదే. ఎవరూ అనుకోకుండా మోగి ఉంటే పాడైనట్టు. ఏమయ్యా, ఈవిడ ఇంటికి రావాలనుకున్నవాళ్ళున్నారని రుజువు చేయగలవా? ఏమమ్మా, ఎవరూ లేరని నువ్వు చెప్పగలవా?"

చూశారా పిల్లలూ, ఎక్కడికొచ్చి పడిందో! ఆ కేసు గెలవాలంటే, తన ఇంటికి రావాలనుకునే మనిషి లోకంలో ఒక్కరూ లేరని అద్దాలమ్మ పదిమందిలో నిలబడి చెప్పాలి.

చెప్పింది. "అమ్మ పోయాక ఎవరూ రాలేదండీ. మీటరు చూసే అబ్బాయి కిందనుంచే చూసుకుపోతాడు. కొట్లో మా వాళ్ళకు నా ఇల్లెక్కడో తెలియదు. పక్కవాటాకు తాళం. పండక్కీ పబ్బానికీ కూడా ఎవరూ రారు." ఇంకా ఏదో చెప్పబోయి, చెప్పడానికి ఇంకేం లేదని గుర్తొచ్చి కూర్చుంది. వకీలు జోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాడో చూసుకోకుండా కూర్చున్నాడు. జోడు పుటుక్కుమంది.

కొట్టాయన వాయిదా అడిగాడు.

ఆయన చెడ్డవాడు కాదు, మొండివాడు. సరుకు వాపసు తీసుకోవడం ఆయన ఇంటావంటా లేదు. అందుకని కొట్టు మూసుకుని మరీ అద్దాలమ్మ ఉండే మేడకు వెళ్ళి, కనబడ్డ ప్రతి మనిషినీ అడిగాడు: "పై వాటా ఆవిడ ఇంటికి రావాలని మీరెప్పుడైనా అనుకున్నారా?" ఆవిడ అక్కడ ఉన్నన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ ఎవరినీ అడగలేదు.

తర్వాతి వాయిదాకు ఒకావిడను వెంటబెట్టుకుని వచ్చాడు. అద్దాలమ్మకు సరిగ్గా కింది వాటాలో ఉండే మనిషి, రొట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక సంచీని గట్టిగా పట్టుకుని నిలబడింది.

"నేనేనండీ" అంది. "రోజూ నేనే అనుకుంటాను."

"ఏమని?" అంది పెద్దావిడ.

"నేను పనినుంచి వచ్చేసరికి పైన కుర్చీ జరిగిన చప్పుడవుతుందండీ. ఒక్క కుర్చీ. మళ్ళీ పడుకునేముందు ఒకసారి జరుగుతుంది. మధ్యలో ఏ చప్పుడూ ఉండదు. మా ఇంట్లోనూ అంతే. ఒకసారి పైకెళ్ళి కూర్చుందామని లేస్తాను, మెట్ల మలుపుదాకా వెళ్తాను. అక్కడాగిపోతాను. వెళ్ళి ఏమనాలి? ఏదో ఒక పనుండాలి కదండీ. పంచదార నిండుకుంటే గ్లాసు పట్టుకుని వెళ్ళొచ్చని డబ్బా తీసి చూస్తాను. ఒక్క మనిషికి ఎంత ఖర్చవుతుంది? ఎప్పుడూ సగానికి పైనే ఉంటుంది."

అద్దాలమ్మ ఉండబట్టలేక లేచింది. "నేను తలుపు తీసి చూస్తే ఎవరూ లేరే!"

"మలుపు దగ్గరే ఉంటానండీ, గోడకానుకుని. మీరు తలుపు వేసుకునేదాకా ఊపిరి కూడా పీల్చను."

"ఒక్క మాట పిలవచ్చుగా!"

"మీరు దబాల్న వేసుకునేవారు. కోపమేమో అనుకున్నాను."

"అయ్యో రామా, ఆ తలుపు ఉబ్బిపోయిందండీ! దబాల్న లాగితే గానీ పడదు."

కొట్టాయన మొహం చాటంతయింది. "చూశారా అమ్మగారూ! నా బెల్లు అబద్ధమాడలేదు!"

పెద్దావిడ బెల్లు పెట్టెను దగ్గరకు తీసుకుని, మీద రాసింది చదివింది. ఆ తర్వాత తీర్పు చెప్పింది. బెల్లు అబద్ధమాడలేదన్నది నిజమే. కానీ పెట్టె మీద 'తలుపు దగ్గరికి వచ్చినవారిని తెలుపును' అని ఉంది. ఈవిడ కొన్నది వచ్చినవాళ్ళ కోసం, మలుపు దగ్గర ఆగినవాళ్ళ కోసం కాదు. వాళ్ళకు కూడా మోగుతుందని అమ్మేటప్పుడు చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది. కాబట్టి వాపసు తీసుకుని డబ్బు తిరిగివ్వాలి. గోడ మీది బోర్డూ దించాలి.

అద్దాలమ్మ గెలిచింది. వకీలు విరిగిన జోడు చేత్తో పట్టుకుని పెద్దావిడ అనుకుని బల్లకు దణ్ణం పెట్టాడు. కింది వాటా ఆవిడ అప్పటికే వెళ్ళిపోయింది. అంతమందిలో అన్ని మాటలు బయటపెట్టాక మొహం చూపించలేకపోయిందేమో.

కోర్టులో చూపించడానికి తెచ్చిన బెల్లును ఆ సాయంత్రం అద్దాలమ్మ పాత చోటే తగిలించింది. తెల్లారితే వాపసివ్వాలి. అయినా ఎందుకు తగిలించిందో నాకు తెలియదు. తగిలించి, కుర్చీలో కూర్చుని కాచుకుంది. కింద తలుపు తీసిన చప్పుడయింది. వేసిన చప్పుడయింది. చాలాసేపు ఇంకేం లేదు. ఇవాళ అనుకోదేమో, ఇక ఎప్పటికీ అనుకోదేమో, పదిమందిలో నిలబెట్టాం కదా అనుకుంది.

బెల్లు మోగింది. ఎప్పటికన్నా సన్నగా మోగింది.

అద్దాలమ్మ బట్టలు తీసి మంచం మీద పడేసింది. తలుపు తీసింది. మెట్ల మీద దీపం, ఖాళీ మెట్లు. ఈసారి తలుపు వేసుకోలేదు. ఖాళీ మెట్లవైపు తిరిగి, వంటింట్లోంచి పక్కింటివాళ్ళను పిలిచినట్టు మామూలు గొంతుతో అరిచింది:

"వదినా! మా ఇంట్లో పంచదార నిండుకుంది. కాస్త తెచ్చిపెడతావా?"

ఆవిడ జన్మలో ఆడిన అబద్ధం అదొక్కటే అంటారు. డబ్బా నిండా పంచదార ఉంది.

మలుపు దగ్గర అడుగులు, పైకి కాదు, కిందికి, పరుగులాంటి అడుగులు. డబ్బా మూత తీసిన చప్పుడు. మళ్ళీ అడుగులు, ఈసారి పైకి.

ఆ సాయంత్రం పై వాటాలో రెండో కుర్చీ జరిగింది. కింది వాటాలో ఎవరూ లేరు కనుక ఆ చప్పుడు ఎవరూ వినలేదు.

మర్నాడు అద్దాలమ్మ బెల్లు ఊడదీసి, రసీదుతో సహా కొట్లో ఇచ్చేసింది. హక్కు హక్కే. బోర్డు దించిన చోట గోడ తెల్లగా ఉందట. ఆ తర్వాత బెల్లు ఎవరింటికి వెళ్ళిందో నాకు తెలియదు. మన తలుపుకున్నది మాత్రం మామూలుదే, నొక్కితేనే మోగుతుంది. అందుకని అక్కడ మన ఊళ్ళో ఎవరెవరు మన ఇంటికి రావాలని ఎన్నిసార్లు అనుకున్నారో మనకు తెలియడం లేదు. మోగలేదు కదాని అనుకోవడమే లేదనుకోకండి.

మీకు పిల్లలు పుట్టాక వాళ్ళకు ఈ కథ చెప్పండి. అంతదాకా ఎందుకు, పై అంతస్తు ఆయన ఒక్కడే ఉంటాడు కదా, రేపు వెళ్ళి ఆయనకు చెప్పండి. ఏం పనిమీద వచ్చారని అడిగితే, పంచదార కోసమనండి.