‘లంగరు’ పాటలో పదకొండు సెకన్లు

నేను ఒక మైకుని. నోరున్న జాతిలో పుట్టాను కానీ, నా నోరు పనిచేసింది ఏడు నెలలే. మిగతా ముప్పై ఏళ్ళూ మూగదాన్నే. అయినా విశాఖపట్నం కంచరపాలెంలో నాకున్న మర్యాద, గొంతున్న ఏ మైకుకీ లేదు. అదెలా పట్టిందో చెబుతాను, నవ్వకుండా వినండి. నవ్వినా పర్వాలేదు.

నన్ను ఎక్కడో ఢిల్లీ వైపు ఫ్యాక్టరీలో బిగించారు. జల్లెడ లాంటి తల, చేతినిండా పట్టే ఒళ్ళు, తోక దగ్గర వైరు. కంచరపాలెంలో కొత్తగా సౌండు సర్వీసు షాపు పెట్టిన దాలినాయుడు నన్ను కొనుక్కున్నాడు. అప్పటికి అతనికి పాతికేళ్ళు. పెళ్ళిళ్ళలో తప్పిపోయిన మేనమామల్ని పిలిచాను. ఎన్నికలప్పుడు పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం దాన్ని తిట్టే పార్టీకి పనిచేశాను. ఇద్దరూ నా మొహాన మిగిల్చింది తుంపర్లే.

ఏడో నెలలో, బీచి రోడ్డులో ‘ఉప్పుగాలి’ అనే రాక్ బ్యాండు మొదటి కచేరీ చేసింది. పోర్టులో ఇద్దరు, స్టీలు ప్లాంటులో ఇద్దరు ఉద్యోగాలు చేసుకుంటూ కట్టుకున్న బ్యాండు. ఆ కచేరీని క్యాసెట్టుగా తేవాలని రికార్డు కూడా చేస్తున్నారు. ‘లంగరు’ అనే పాట అందుకున్నారు. “ఒడ్డు నాకు చాలదే” అంటూ పాటగాడు నన్ను పట్టుకుని గొంతెత్తేసరికి దాలినాయుడికి పూనకం వచ్చింది. సౌండు మీటల దగ్గర బుద్ధిగా కూర్చోవాల్సినవాడు వేదిక మీదికే వచ్చి, స్పీకరు పెట్టెల వెనక చీకట్లో ఎవరికీ కనపడకుండా గెంతడం మొదలుపెట్టాడు. ఆ గెంతుల్లో నా వైరు అతని కాలికింద పడి, నా తోక ఊడిపోయింది.

గొంతు ఆగింది. బ్యాండు బిత్తరపోయి వాయించడం మానేసింది. దాలినాయుడు పాకుతూ వెళ్ళి ఇంకో మైకు అందించాక పాట మళ్ళీ లేచింది. మధ్యలో పదకొండు సెకన్లు గడిచాయి.

కచేరీ అయ్యాక తన వీపు విమానం మోత మోగుతుందని అతను ఓ మూల నక్కి కూర్చున్నాడు. ఈలోగా జనం వచ్చి బ్యాండువాళ్ళని కావలించుకున్నారు. పాట అంతా ఒక ఎత్తు, మధ్యలో ఆ నిశ్శబ్దం ఒక ఎత్తు అన్నారు. బ్యాండువాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, గంభీరంగా తలలూపారు. క్యాసెట్టులోనూ ఆ నిశ్శబ్దాన్ని అలాగే ఉంచేశారు. అప్పట్నుంచీ ఏ కచేరీలో ‘లంగరు’ పాడినా డ్రమ్ములాయన పెదాలు కదుపుతూ పదకొండు లెక్కపెడతాడు. లోపలి అతుకులన్నీ పోయిన నన్ను పారేయడానికి దాలినాయుడికి చేతులు రాలేదు.

తరవాత బ్యాండుకి అభిమాన సంఘం వెలిసింది. నెలకో ఆదివారం దాలినాయుడి గోడౌనులో, స్పీకరు పెట్టెల మధ్య చేరి, ఏ పాట గొప్పదో తేల్చుకుంటారు. ఇంతవరకూ తేలలేదు, తేలాలని ఎవరికీ లేదు కూడా. మొదట్లో నలభై మంది ఒకేసారి అరిచేవారు. మిరపకాయ బజ్జీలు గాల్లో ఎగిరాయి. అప్పుడు పెట్టుకున్న నియమం ఏమిటంటే, మైకు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. నేను పలకనని అందరికీ తెలుసు. అయినా నన్ను పట్టుకోగానే గొంతు సవరించుకుని, వేలితో టకటకా కొట్టి చూసుకుంటారు. మనుషులకి మైకంటే అంత భక్తి.

‘లంగరు’ పక్షానికి నాయకుడు చక్రపాణి మాస్టారు, రిటైరైన లెక్కల పంతులు. ఆ పదకొండు సెకన్ల మీద నలభై పేజీల పుస్తకం అచ్చు వేయించారు. మొదటి నాలుగు సెకన్లూ ఓడ దిగులట, తరవాతి నాలుగూ సముద్రం దిగులట, మిగిలిన మూడూ మనిషి దిగులట. ‘రెండో షిఫ్టు’ అనే పాట పక్షానికి నాయకురాలు రోజ్‌లీన్, పోస్టాఫీసులో ఉత్తరాలు సార్టు చేస్తుంది. “పాడకుండా ఊరుకున్న పాటకి మార్కులేటి మాస్టారూ, అలగైతే మా ఆయనా గొప్ప గాయకుడే” అనేది.

దాలినాయుడు మాత్రం ఏ పక్షమూ కాదు. సౌండువాడు ఎటూ ఒరగకూడదు అనేవాడు. నిజం నాకు తెలుసు. అతనికి ప్రాణం ‘లంగరు’ పాటే. కానీ కచేరీలో ఆ చోటు రాగానే తల దించుకునేవాడు. తన తప్పుకి జనం చప్పట్లు కొడుతుంటే సిగ్గుతో చచ్చిపోయేవాడు. చెప్పేస్తే సంఘం మొహం చూడదేమోనని భయం. ఆ ఆదివారాలు పోతే అతనికి మిగిలేది ఖాళీ స్పీకరు పెట్టెలే.

పోయినేడాది బ్యాండు నుంచి కబురొచ్చింది. ముప్పై ఏళ్ళ కచేరీని మీరు చెప్పిన పాటతోనే మొదలుపెడతాం అని. గోడౌను దద్దరిల్లింది. మూడు ఆదివారాలు వాదించుకున్నారు. నేను ఎన్ని చేతులు మారానో, ఎంత బజ్జీల నూనె పూసుకున్నానో. చివరికి చేతులెత్తి లెక్కపెడితే ‘లంగరు’కి ఇరవై ఒకటి, ‘రెండో షిఫ్టు’కి ఇరవై ఒకటి. అందరూ తిరిగి దాలినాయుడి వైపు చూశారు. మాస్టారు నన్ను తెచ్చి అతని చేతిలో పెట్టారు.

అతను నన్ను రెండు చేతులా పట్టుకున్నాడు.

“నాను ఓటెయ్యనేను మాస్టారూ. ఆ నిశ్శబ్దం వాళ్ళు సేసింది కాదు. నా కాల్తో నాను సేసినాను. ఇదే ఆ మైకు. వైరు తొక్కీసినాను.”

బజ్జీ నమిలేవాళ్ళు నమలడం ఆపేశారు. ముందుగా తేరుకున్నది రోజ్‌లీన్.

“అయితే మాస్టారు ఇన్నాళ్ళూ దండం పెట్టింది నీ కాలికా, నాయుడన్నా?”

గోడౌను పగలబడి నవ్వింది. మాస్టారు నవ్వలేదు. ఆయన మొహం చూసి నాకే జాలేసింది. నన్ను మళ్ళీ అందుకుని, టకటకా కొట్టడం మాత్రం మరిచిపోకుండా అడిగారు.

“వైరు మీదికి ఎందుకెళ్ళావు నాయుడూ?”

“గెంతినాను మాస్టారూ.”

“ఎందుకు గెంతావు?”

“పాట అలగుంది. ఆగనేకపోనాను. ఏటి సెయ్యమంటారు?”

మాస్టారు నన్ను కిందికి దించారు. “నలభై పేజీలు రాశానురా. ఈ ఒక్క ముక్క రాయలేకపోయాను” అని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత ఆయనకీ నవ్వు ఆగలేదు.

రోజ్‌లీన్ నన్ను లాక్కుని దాలినాయుడి చేతిలో కుక్కింది. “ఓటెయ్యన్నా. తప్పు సేసినోడికి ఓటు తీసేత్తే ఈ దేశంలో ఓటర్లుండరు. నీకు నచ్చిందానికే ఎయ్యి. నాను ఓడిపోయినా పర్నేదు.”

దాలినాయుడు నన్ను నోటి దగ్గర పెట్టుకున్నాడు. “లంగరు” అన్నాడు. కుర్చీలు ఎగిరాయి.

ఇప్పుడు నేను గోడౌనులో గాజుపెట్టెలో ఉంటున్నాను. కింద చీటీ మీద ఏం రాయాలో వాదన నడుస్తోంది. నన్ను బ్యాండులో అయిదో మనిషిగా రాయాలని ఒక పక్షం, దాలినాయుడి కాలిని రాయాలని ఇంకో పక్షం. వాదించుకోవడానికి నా బదులు అట్లకాడ పట్టుకుంటున్నారు.

కచేరీకి మాత్రం నన్నూ తీసుకెళ్ళి మీటల బల్ల మీద కూర్చోబెట్టారు. ఆ సాయంత్రం దాలినాయుడు అందరికన్నా ముందే వచ్చి, వేదిక మీద వైరులన్నింటినీ, ఒక్కటి వదలకుండా, టేపు వేసి నేలకి అంటించాడు. పాట మొదలైంది. “ఒడ్డు నాకు చాలదే” అన్న మాటతో బ్యాండు ఆగింది. డ్రమ్ములాయన పెదాలు కదపసాగాడు. ఇరవై వేలమంది ఊపిరి బిగబట్టి నిలుచున్న ఆ నిశ్శబ్దంలో, యాభై అయిదేళ్ళ దాలినాయుడు వేదిక మీదికి వెళ్ళి, తల ఎత్తి, పదకొండు సెకన్లూ తనివితీరా గెంతాడు.