చుక్క నడిచిన దారి

"ఒక్క చుక్కని కదపడానికి ఆదివారమంతా కావాలా నీకు?" అన్నాడు భర్త, పేపర్ మడత పెడుతూ. ఆమె భోజనాల బల్ల తుడుస్తోంది. ఆ పొద్దుట్నుంచీ అది మూడోసారి.

సమాధానం చెబితే మాట పెరుగుతుంది, మాట పెరిగితే పని ఆగుతుంది, ఆగిన పని మళ్ళీ ఆమే చేసుకోవాలి. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఈ సంగతి ఆమెకి బాగా వంటబట్టింది.

చుక్కే కానీ, చిన్న విషయం కాదు. ఆమె ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా టెస్టర్. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. అందుకే అందరూ 'భూతద్దం' అంటారు, అదీ మొహం మీదే. సొంతంగా ఒక్క ప్రోగ్రాం రాయమని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. "మీరొకసారి చూసేస్తే చాలండీ, మాకు ధైర్యం" అంటారు. పొగడ్తలాగే ఉంటుంది, కానీ మింగుడుపడదు. ఇప్పుడు ఆఫీసు కింది అంతస్తులో గోడంత తెర పెట్టారు. దాని కోసం కోడ్‌తో బొమ్మలు చేసే కొత్త విభాగం వస్తోంది, అందులో ఒక కుర్చీ ఖాళీ. ఎవరైనా పోటీకి రావచ్చు. పెద్దసారు పెట్టిన షరతు ఒకటే: తెర మీద ఒకే ఒక్క చుక్క కదలాలి. ఎందుకు కదులుతుందో, ఎలా కదులుతుందో ఎవరిష్టం వాళ్ళది. సోమవారం పొద్దున పదింటికల్లా ఇవ్వాలి. ఆ కుర్చీ ఆమెకి కావాలి. కావాలని ఎవరితోనూ పైకి అనలేనంతగా కావాలి.

చుక్క ఒకటే, కానీ ఎవరి బుర్ర వాళ్ళది. పక్క సీటావిడ దాన్ని మిణుగురు పురుగుని చేసింది. స్టోర్స్ చూసే ఆయన దారి దొరక్క గదిలో కొట్టుకునే ఈగని చేశాడు. ఎంత బాగా వచ్చిందంటే చూసినవాళ్ళు చెయ్యి విదిలించారు. ఇంకొకాయన చుక్కకి సిగ్గు నేర్పాడు, ఎవరైనా దగ్గరికొస్తే అది పక్కకి జరుగుతుంది. ఆమె వాన చినుకు చేసింది, నచ్చలేదు. గుండె చప్పుడు చేసింది, అది అంతకన్నా నచ్చలేదు. రెండూ ఎక్కడో చూసినట్టే ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే తట్టింది. అసలు నాకు బాగా తెలిసిన కదలిక ఎవరిది? ఈగదా, మిణుగురుదా? నాదే కదా!

శనివారం ఆమెకీ భర్తకీ సెలవు. ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి, కదిలిన ప్రతిసారీ ఎక్కడి నుంచి ఎక్కడికో రాసుకుంది. పొయ్యి నుంచి సింకు. సింకు నుంచి పొయ్యి. పొయ్యి నుంచి వీధి తలుపు, పాలకి. తలుపు నుంచి మళ్ళీ పొయ్యి. మధ్యాహ్నానికే కాగితం నిండిపోయి వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

"ఏంటమ్మాయ్ ఆ రాతలు?" అంది అత్తగారు. "ముగ్గురున్న ఇంట్లో పనేముంటుంది? రెండు గిన్నెలు, నాలుగు బట్టలు." ఈ మాట ఆవిడ వారానికోసారైనా అంటుంది.

ఆదివారం బల్ల తుడవడం అయ్యాక, అదే బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుంది. గోడలు గియ్యలేదు. ఒక చుక్క, కాగితం మీది దారులు, అంతే. శనివారం తను తిరిగిందంతా చుక్క నిమిషంన్నరలో నడిచేయాలి. ఇలాంటి బొమ్మల్లో ఒక కిటుకు ఉంది. చుక్క కదిలినట్టు కనబడాలంటే, సెకనుకి అరవైసార్లు తెరంతా చెరిపి చుక్కని కొత్త చోట పెట్టాలి. కోడ్‌లో ఆ చెరిపే వరస ఒక్కటి రాయకపోతే, చుక్క వెళ్ళిన చోటల్లా మరక మిగిలిపోతుంది. కొత్తగా నేర్చుకునే ప్రతివాళ్ళూ చేసే తప్పు అది. ఎందరి దగ్గరో ఆమె దాన్ని పట్టుకుంది, లోపల నవ్వుకుంది కూడా.

సరిగ్గా ఆ వరస రాయబోతుంటే స్నానాల గదిలోంచి కేక. "తువ్వాలు!"

లేచింది. ఇచ్చి వచ్చేసరికి ఎక్కడ ఆపిందో మర్చిపోయి, నడిపించే మీట నొక్కేసింది.

చుక్క బయల్దేరింది. పొయ్యికీ సింకుకీ మధ్య సన్నటి గీత పడింది. దాని మీద ఇంకోటి, ఇంకోటి. నిమిషంన్నర అయ్యేసరికి అక్కడ మోకులాగా లావుపాటి నల్లగీత. తన మంచం దగ్గర మాత్రం రెండే గీతలు, లేచినప్పుడొకటి, పడుకున్నప్పుడొకటి. ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. దుఃఖం కాదు. కోపం, దాని వెనకే ఎక్కడలేని సంతోషం. తుడిచిన బల్ల మళ్ళీ మాస్తుంది, కడిగిన గిన్నె మళ్ళీ సింకులోకే వస్తుంది, పొద్దుగూకేసరికి ఏమీ చెయ్యనట్టే ఉంటుంది. ఇదిగో, చేసిందంతా ఇక్కడుంది! తప్పు దిద్దబోయిన వేలు వెనక్కి వచ్చింది.

"ఇది మన ఇల్లు కదూ?" అత్తగారు ఎప్పుడొచ్చిందో, వెనకే నిలబడి ఉంది. వేలు పెట్టి చూపించింది. "ఇది పొయ్యి. ఇది నా మంచం, మందులివ్వడానికి వచ్చావు. ఇది పెరడు." వేలు మళ్ళీ ఆ నల్లగీత మీదికి తెచ్చి, "ఇన్నిసార్లు తిరిగావా?" అంది.

భర్త తల తుడుచుకుంటూ వచ్చి చూశాడు. "తెరంతా పాడుచేశావేంటి? సర్లే, నాదీ వేసి చూపించు" అన్నాడు నవ్వుతూ. నిన్న ఎక్కడెక్కడికి వెళ్ళాడో అడిగి రాసింది. మంచం, సోఫా, బల్ల, సోఫా, మంచం. అతని రోజు నాలుగు గీతల్లో అయిపోయింది. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టింది.

"నిన్న నాకు సెలవు కదా, అందుకని" అన్నాడు.

"దానికీ సెలవేరా నిన్న" అంది వాళ్ళమ్మ.

అతను తడి తువ్వాలు కుర్చీ మీద వెయ్యబోయి, ఆగి, తనే వెళ్ళి ఆరేసుకున్నాడు. ఒక్క తువ్వాలుకే ఇల్లు మారిపోదు లెండి. అయినా అది ఆమె చూసింది, అత్తగారూ చూసింది. ఆవిడ గొంతు తగ్గించి, "నాదీ వేస్తావా అమ్మాయ్? నలభై మూడేళ్ళది. చాలావరకు గుర్తుంది నాకు" అంది.

సోమవారం, చెరిపే వరస లేకుండానే ఇచ్చింది. గోడంత తెర మీద నల్లగీతలు పరుచుకుంటుంటే పెద్దసారు మొహం చిట్లించాడు.

"ఏంటండీ, భూతద్దానికే తప్పు కనబడలేదా? ఒక్క వరసే కదా, ఇప్పుడే కలిపెయ్యండి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమెకి ఆ కుర్చీ ఎంత దగ్గరలో ఉందో, ఎంత తేలిగ్గా చేజారిపోతుందో తెలుస్తూనే ఉంది.

"మొదట మర్చిపోయానండీ. చూశాక, కావాలనే వదిలేశాను. ఇది ఒక ఆడమనిషి సెలవురోజు. చెరపాలంటే మాత్రం నేను చెరపను, ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇవ్వండి."

పెద్దసారు మళ్ళీ మొదట్నుంచీ పెట్టించుకుని చూశాడు. నిమిషంన్నర. ఈసారి ఎవరూ నవ్వలేదు. "ఆ లావుపాటిది సింకు దగ్గరిదే కదూ" అని పక్క సీటావిడ గొణిగింది.

"సరే, అలాగే ఉంచండి" అన్నాడు పెద్దసారు చివరికి. "కొత్త కుర్చీలో కూర్చున్నాక మొదట ఏం చేస్తారు?"

"మా అత్తగారి నలభై మూడేళ్ళు" అందామె. "దానికి ఈ గోడ చాలదండీ."